ఒక పట్టణం ఎలా పెరిగిందో చదవడం ఎలా? మ్యాపు, నడక, నోటుబుక్కు చాలు

“పట్టణ ప్రణాళిక గురించి తెలుసుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?” ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. విద్యార్థులు అడుగుతారు, వీధి సమస్యల మీద తిరిగేవాళ్లు అడుగుతారు, కొత్త రోడ్డు తమ ఇంటి పక్కనుంచే వస్తుందని విన్నవాళ్లు టెన్షన్‌తో అడుగుతారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. ముందు ఏదో ఒక పట్టణాన్ని పట్టుకుని దాన్ని చదవడం నేర్చుకోండి. సిద్ధాంతాలు ఆ తర్వాత తేలిగ్గా తలకెక్కుతాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్‌కు చెందిన పట్టణ ప్రణాళికా నిపుణుడు పాట్రిక్ గెడెస్ 1914లో భారతదేశానికి వచ్చి ఎన్నో ఊళ్లు తిరిగి నివేదికలు రాశాడు. ప్లాను గీసే ముందు సర్వే జరగాలని, ఉన్న ఊరిని అర్థం చేసుకోకుండా కూల్చివేతకు దిగకూడదని ఆయన గట్టిగా వాదించాడు. కింద నేను చెప్పే పని ఆ దారిలోదే.

ఒక్క విషయం మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. భవనాలు పోతాయి, దారులు ఉండిపోతాయి. 1666లో లండన్ నగరం చాలా భాగం కాలి బూడిదైంది. ఆర్కిటెక్టు క్రిస్టఫర్ రెన్ లాంటివాళ్లు తిన్నని రోడ్లతో కొత్త ప్లాన్లు గీసి ఇచ్చారు. అయినా నగరం చాలావరకు పాత వీధుల మీదే మళ్లీ లేచింది. ఇళ్లు కాలిపోయాయి గానీ ఎవరి స్థలం ఎంతవరకు అన్న హద్దులు కాలిపోలేదు. అందుకే పట్టణాన్ని చదివేటప్పుడు కళ్లు మేడల మీద కాదు, వీధుల మీద ఉండాలి.

ఏమేం కావాలి

- పట్టణం మొత్తం కనిపించే మ్యాపు ఒకటి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు. 1:10,000 స్కేలు అయితే బాగుంటుంది, మ్యాపు మీద 1 సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు.
- పాత మ్యాపు. ఎంత పాతదైతే అంత మంచిది. దొరక్కపోతే గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల శాటిలైట్ ఫొటోలు చూడొచ్చు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. వాటిలో ఇళ్లు విడిగా కనిపించవు గానీ ఊరు ఎటు పాకిందో స్పష్టంగా తెలుస్తుంది.
- ఎత్తుపల్లాలు చూపే మ్యాపు.
- ట్రేసింగ్ పేపరు, నాలుగు రంగుల పెన్సిళ్లు, 5 మీటర్ల టేపు, నోటుబుక్కు.
- రెండు మూడు పూటల నడకకు సరిపడా ఓపిక.

కంప్యూటర్ తెలిసినవాళ్లు క్యూజీఐఎస్ అనే మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. మొదటిసారి మాత్రం కాగితం మీదే చేయమంటాను. చేత్తో గీసిన వీధి మర్చిపోరు.

1. హద్దు గీసుకోండి

మ్యాపు మీద చదవడానికి పట్టణం మొత్తం తీసుకోండి. కాళ్లతో చదవడానికి మాత్రం రెండు మూడు చదరపు కిలోమీటర్లు చాలు. అందులో పాత భాగం కొంత, కొత్త భాగం కొంత, రెండూ కలిసే చోటు తప్పనిసరిగా ఉండాలి. పట్టణం కథ ఎక్కువగా బయటపడేది ఆ కలిసే చోటే.

2. ఊరు ఎందుకు అక్కడే పుట్టిందో వెతకండి

ఏ పట్టణమైనా ఏదో ఒక కారణంతోనే ఒక చోట కుదురుకుంటుంది. నది దాటడానికి వీలైన చోటు, పడవలు ఆగే రేవు, రెండు బాటలు కలిసే కూడలి, కాపలాకు అనువైన గుట్ట, గని, రైల్వే జంక్షన్, గుడి లేదా రాజు కొలువు. మ్యాపులో వీటిలో ఏవున్నాయో చూసి గుర్తు పెట్టుకోండి.

పేరు కూడా సాక్ష్యమే. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎడ్లు నది దాటే రేవు. ఫ్రాంక్‌ఫర్ట్ అంటే ఫ్రాంకులు నది దాటిన చోటు. మన భాషలోనూ రేవు, కట్ట, కోట, పేట లాంటి మాటలు ఊరి పేరులో, వీధి పేరులో ఇంకా బతికే ఉంటాయి. చెరువు లేకపోయినా “కట్ట వీధి” ఉందంటే అక్కడ ఆగి వెతకాల్సిందే.

జాగ్రత్త: పేరుకు చెప్పే కథలన్నీ నమ్మకండి. పేరు ఒక ఆధారం, అంతే. నేల కూడా అదే మాట చెప్తుంటేనే రాసుకోండి.

సరిచూసుకోవడం: పుట్టిన చోటు సరిగ్గా పట్టుకుంటే పాత రోడ్లు చాలావరకు అక్కడినుంచే నలుదిక్కులకూ బయల్దేరుతూ కనిపిస్తాయి. కనిపించలేదంటే పుట్టిన చోటు వేరే ఉందన్నమాట. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లు పెరిగి కలిసిపోయి కూడా ఉండొచ్చు, అప్పుడు రెండు కేంద్రాలు దొరుకుతాయి.

3. వీధుల ఆకారం చదవండి

అసలు పని ఇదే, దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. మ్యాపు మీద ట్రేసింగ్ పేపరు పెట్టి వీధులు మాత్రమే గీయండి. భవనాలు, పేర్లు, షాపులు ఏవీ వద్దు. గీస్తూ పోతే కొన్ని రకాలు వాటంతటవే విడివడతాయి.

వంకర దారులు: ఇవి ఎవరూ గీసినవి కావు, మనుషులూ బండ్లూ నడిచి నడిచి ఏర్పడ్డవి. వాగును తప్పించుకుంటూ, గట్టు వెంబడి, గుట్ట చుట్టూ పోతాయి. ప్రతి వంకరకూ ఒక కారణం ఉంటుంది. న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌కు 1811లో నిలువు, అడ్డం గీతలతో ప్లాను వేశారు. ఆ గళ్ల మధ్యలోంచి బ్రాడ్‌వే అనే రోడ్డు మాత్రం ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. యూరప్ వాళ్లు రాకముందు అక్కడివాళ్లు నడిచిన బాట జాడ అది.

గళ్ల వీధులు: ఒకే అధికారం కిందో ఒకే యజమాని కిందో నేల ఉన్నప్పుడు ఇలా గీయగలుగుతారు. మొహెంజోదారోలో సుమారు క్రీ.పూ. 2500 నాటికే ఇటుకతో కట్టిన మురుగు కాలువలతో తిన్నని వీధులున్నాయి. 1727లో మొదలైన జైపూర్ కూడా గళ్ల ప్రకారం వేసిందే. ఊరి మధ్యలో ఒక్క ముక్క మాత్రమే గళ్లుగా ఉంటే, ఆ ముక్క ఒకప్పుడు ఎవరి చేతిలో ఉండేదో కనుక్కోండి. సైనిక స్థావరమో, కంపెనీ కాలనీయో, ఒక పెద్ద తోటో అయి ఉంటుంది.

వలయాలు: గుండ్రంగా తిరిగే రోడ్డు కనిపిస్తే కోటగోడా అగడ్తా గుర్తుకు రావాలి. వియన్నాలో నగరం గోడల్ని తీసేయమని 1857లో చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చాక, ఆ జాగాలోనే రింగ్‌స్ట్రాస్ అనే వెడల్పాటి వలయం వేశారు. ఇటలీలోని లూక్కాలో ఒక కోడిగుడ్డు ఆకారపు చౌకు ఉంది. అక్కడ రోమన్ల కాలపు ఆటల ప్రాంగణం ఉండేది. దాని గోడల మీదే ఇళ్లు కట్టుకుంటూ పోవడంతో ప్రాంగణం మాయమైనా ఆకారం నిలిచిపోయింది.

అతుకులు: నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. మ్యాపులో ఒక వీధి తిన్నగా వచ్చి ఒక గోడ దగ్గర ఆగిపోతుంది. గోడకు అవతల ఇంకో వీధి అదే దిశలో మొదలవుతుంది, కానీ మూడు నాలుగు మీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. రెండు లేఅవుట్లను ఇద్దరు వేర్వేరుగా వేశారు, ఎవరి పొలం వరకు వాళ్లు గీసుకున్నారు, కలపాల్సినవాళ్లు కలపలేదు. ఆ గోడ పాత చేను గట్టు. ఇటు ఇంట్లోవాళ్లు అటు ఇంటికి వెళ్లాలంటే మెయిన్ రోడ్డుకు వచ్చి చుట్టూ తిరగాలి. ప్రణాళిక లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఈ ఒక్క గోడ ముందు నిలబడితే సరిపోతుంది. మీ ట్రేసింగ్ మీద ఇలాంటి అతుకులన్నిటినీ ఎర్ర పెన్సిల్‌తో దిద్దండి.

జాగ్రత్త: వంకర అంటే చెడ్డది, తిన్నన అంటే మంచిది అనుకోకండి. ముఖ్యమైంది దారులు ఒకదానికొకటి కలుస్తున్నాయా లేదా అన్నది. వంకరగా ఉన్నా అన్నీ కలిసే పాతపేటలో నడక సుఖంగా ఉంటుంది. తిన్నగా ఉన్నా అన్నీ మూసుకుపోయే కాలనీలో ప్రతి పనికీ బండి తీయాలి.

4. నీళ్ల దారి గీయండి

ఎత్తుపల్లాల మ్యాపు చూసి వానపడితే నీళ్లు ఎటు పోతాయో నీలం పెన్సిల్‌తో గీయండి. దాన్ని వీధుల ట్రేసింగ్ మీద పెట్టండి. నీలం గీత ఎక్కడెక్కడ ఇళ్ల మధ్యలోంచి పోతుందో అక్కడ సున్నా చుట్టండి. ఆ సున్నాల దగ్గరే ముంపు ఉంటుంది.

తర్వాత పెద్ద వాన తగ్గిన గంటలోపు ఆ చోట్లకు వెళ్లి చూడండి. నిలిచిన నీళ్లలోకి మాత్రం దిగకండి. తెరిచి ఉన్న మ్యాన్‌హోల్, తెగిపడ్డ కరెంటు తీగ నీళ్ల కింద కనపడవు. వానాకాలం కాకపోతే గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలవండి. గడపల ముందు కట్టుకున్న చిన్న అడ్డుగోడలు, ఈమధ్య ఎత్తు పెంచిన మెట్లు కూడా అదే సంగతి చెప్తాయి.

నీళ్లకు జ్ఞాపకం ఉంటుందని పెద్దలంటారు. మెక్సికో సిటీ సరస్సు అడుగున లేచిన నగరం. స్పానిష్ పాలనలో, ఆ తర్వాత కూడా కాలువలు తవ్వి సరస్సు నీటిని బయటికి పంపేశారు. మెత్తని బంకమట్టి మీద నిలబడి, కింది నీటిని తోడుకుంటూ ఆ నగరం ఈ రోజుకీ కుంగుతూనే ఉంది. మరోవైపు సియోల్‌లో, వాగును కప్పేసి పైన వేసిన ఫ్లైఓవర్ రోడ్డును 2003లో తీసేయడం మొదలుపెట్టి 2005 నాటికి ఛోంగ్యెఛాన్ వాగును మళ్లీ బయటికి తెచ్చారు. తప్పు దిద్దుకోవడం అసాధ్యమేమీ కాదు, ఖర్చుతో కూడిన పని.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. వాన నీటి కాలువ వేరు, మురుగు కాలువ వేరు. చాలామంది రెండిటినీ డ్రైనేజీ అనే ఒక్క మాటతో చుట్టేస్తారు. వాన నీరు పోవాల్సిన కాలువలో మురుగు కలుస్తుంటే నోటుబుక్కులో విడిగా రాయండి. ఆధునిక పట్టణ ప్రణాళిక పుట్టిందే ఇలాంటి చోట. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లను మ్యాపు మీద గుర్తించి, అవి ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడాయని చూపించాడు. కొన్నేళ్లకే జోసెఫ్ బాజల్జెట్ అనే ఇంజినీరు ఆ నగరానికి భారీ మురుగు సొరంగాలు కట్టాడు.

5. నడవండి

ఇప్పుడు బయటికి. పాత కేంద్రం నుంచి అంచు వరకు ఒకే గీతలో నడవండి. ప్రతి 200 మీటర్లకు ఆగి నాలుగు సంగతులు రాయండి: వీధి వెడల్పు, ఎన్ని అంతస్తులు, కింది అంతస్తులో ఇల్లా దుకాణమా పనిశాలా, ప్లాటు ముందు వెడల్పు.

పాత వీధుల్లో ప్లాట్లు ముందు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. వీధి మీదికి తలుపు ఉండటం వ్యాపారానికి ముఖ్యం కాబట్టి అందరూ తలా కొంచెం పంచుకున్నారు. కొత్త లేఅవుట్లలో ప్లాట్లన్నీ ఒకే కొలత. ఆ మార్పు ఏ అడుగు దగ్గర వచ్చిందో గమనిస్తే, నేల పంచుకోవడం ఆగి అమ్మడం మొదలైన గీత దొరికినట్టే.

ఒక దగ్గర కాసేపు గడప దగ్గర నిలబడండి. పాత వీధిలో కొన్ని ఇళ్లలోకి రోడ్డు మీంచి మెట్లు దిగి వెళ్లాలి. ఎవరూ రోడ్డు కన్నా కిందికి ఇల్లు కావాలని కట్టుకోరు. పాత పొర గీకకుండా దాని మీదే మళ్లీ మళ్లీ రోడ్డు వేస్తుంటే రోడ్డు లేస్తూ పోతుంది, ఇల్లు గుంటలో మిగిలిపోతుంది. టేపు పెట్టి గడపకూ రోడ్డుకూ తేడా కొలవండి. పక్కన పాత కరెంటు స్తంభమో, చెట్టు మొదలో, బావి ఒరో ఉంటే అవి ఎంత మునిగాయో చూడండి. నాలుగైదు చోట్ల కొలత దగ్గరదగ్గరగా వస్తే రోడ్డే లేచింది. ఒక్క ఇంటి దగ్గరే వస్తే ఆ ఇల్లే పల్లంలో ఉంది. తేడా తెలియకుండా రాసుకోవద్దు.

ఖాళీ జాగాల్లో గడ్డి మీద అరిగిన కాలిబాటలు కూడా గీసుకోండి. ప్లాను చెప్పిన దారి ఒకటి, జనం నడిచే దారి ఇంకొకటి. జనానిదే నిజమైన దారి.

జాగ్రత్తలు: పగటిపూటే వెళ్లండి, వీలైతే ఇంకొకరిని తోడు తీసుకోండి. మనుషుల్ని, ఇళ్ల లోపలి భాగాల్ని అడక్కుండా ఫొటో తీయకండి. రక్షణ సంస్థల దగ్గర కెమెరా బయటికి తీయనే వద్దు. నడవలేనివాళ్లు బస్సులో ఒక చివర నుంచి మరో చివరకు కూర్చుని ప్రతి స్టాపు దగ్గర ఇవే సంగతులు రాసుకోవచ్చు, ప్లాటు కొలతలు మాత్రం వదిలేయాలి.

6. పాతవాళ్లను అడగండి, కానీ సరైన ప్రశ్న అడగండి

“ఈ ఊరు ఎలా అభివృద్ధి చెందింది?” అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. నేను మొదట్లో అలాగే అడిగి పేజీలకు పేజీలు రాసుకున్నాను, మ్యాపు మీద పెట్టడానికి ఒక్క ముక్కా మిగల్లేదు. ఇప్పుడు అడిగేది ఇది: “మీరు ఈ వీధికి వచ్చినప్పుడు ఊరి చివరి ఇల్లు ఏది? దాని అవతల ఏముండేది?” ఎనభై ఏళ్ల మనిషి కూడా వేలు చూపించి చెప్తారు. అలాంటి నాలుగు జవాబులు కలిపితే ఆ ఏడాది నాటి ఊరి సరిహద్దు గీత వచ్చేస్తుంది.

సంవత్సరాలు జ్ఞాపకం ఉండవు, సంఘటనలు ఉంటాయి. “వరద ముందా తర్వాతా?”, “రైలు వచ్చాకా?”, “మీ పెద్దమ్మాయి పుట్టకముందా?” అని అడగండి. ఏడాదిని మీరు తర్వాత లెక్క కట్టుకోవచ్చు. ఒకే మాట ఇద్దరు విడివిడిగా చెప్తేనే మ్యాపు మీదికి ఎక్కించండి.

7. పొరల మ్యాపు గీయండి

ఇప్పటిదాకా దొరికినదంతా పెట్టి ఊరిని నాలుగు రంగుల్లో వేయండి: నడక కాలం, రైలు లేదా బస్సు కాలం, సొంత బండ్ల కాలం, బైపాస్ తర్వాతి కాలం. మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తాడు. అరగంటలో పని చోటుకు చేరాలంటే ఊరు కేంద్రం నుంచి రెండున్నర కిలోమీటర్లు దాటి పెరగడం కష్టం. అందుకే నడక కాలపు ఊళ్లు ఇరుకుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. రైలు వచ్చాక స్టేషన్ల వెంబడి పూసలు గుచ్చినట్టు పెరిగాయి. కార్లు వచ్చాక ఎటు పడితే అటు పరుచుకున్నాయి. కోపెన్‌హాగెన్ 1947లో ఈ సంగతినే ప్లానుగా మార్చుకుంది. అరచేయి పాత నగరం, అయిదు వేళ్లు రైలు మార్గాల వెంట పెరిగే భాగాలు, వేళ్ల సందుల్లో పచ్చదనం.

8. మూడు లెక్కలు వేయండి

*కూడళ్ల లెక్క.* 1 కిలోమీటరు పొడవు, 1 కిలోమీటరు వెడల్పు గడి తీసుకుని అందులో వీధులు కలిసే చోట్లు లెక్కపెట్టండి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం మధ్య భాగంలో ఒక్కో బ్లాకు, అంటే నాలుగు వీధుల మధ్య ఉండే గడి, 61 మీటర్లే. వీధి కూడా కలుపుకుంటే చదరపు కిలోమీటరుకు సుమారు 160 కూడళ్లు వస్తాయి. బార్సిలోనాలో 1859లో ఇల్డెఫోన్స్ సెర్డా వేసిన భాగంలో బ్లాకు సుమారు 113 మీటర్లు, వీధి 20 మీటర్లు. లెక్క వేస్తే 55 చిల్లర. చండీగఢ్ సెక్టారు 800 మీటర్లు, 1200 మీటర్లు. అక్కడ పెద్ద రోడ్లను మాత్రమే లెక్కిస్తే సంఖ్య చాలా చిన్నది, సెక్టారు లోపలి వీధులను కలిపితే పెరుగుతుంది. అందుకే ఏం లెక్కపెట్టారో పక్కన తప్పక రాయండి. మూసుకుపోయిన సందు చివరను కూడలిగా లెక్కించకూడదు.

*సాంద్రత.* 20 హెక్టార్లలో 4,000 మంది ఉంటే హెక్టారుకు 200 మంది. అందులో రోడ్లు, పార్కు, బడి కలిపి 8 హెక్టార్లు పోతే ఇళ్లున్న 12 హెక్టార్ల మీద లెక్క 333. రెండూ నిజమే. ఒక ప్రాంతానికి మొదటిదీ ఇంకో ప్రాంతానికి రెండోదీ తీసుకుని పోల్చితేనే అబద్ధమవుతుంది.

*ఎఫ్‌ఏఆర్ (ఫ్లోర్ ఏరియా రేషియో).* ఒక ప్లాటు మీద అన్ని అంతస్తులూ కలిపి ఎంత కట్టొచ్చో చెప్పే నిష్పత్తి. 500 చదరపు మీటర్ల ప్లాటుకు ఎఫ్‌ఏఆర్ 2 అయితే మొత్తం 1,000 చదరపు మీటర్లు కట్టొచ్చు. ప్లాటులో సగం నేల మీద కడితే నాలుగు అంతస్తులు, పావు వంతు మీద కడితే ఎనిమిది. కట్టింది అంతే, ఎత్తు రెట్టింపు. అంటే మేడలు ఎత్తుగా ఉన్నంత మాత్రాన జనం ఎక్కువున్నట్టు కాదు. పారిస్ నగరంలో ఎక్కువ భవనాలు ఆరేడు అంతస్తులే, అయినా చదరపు కిలోమీటరుకు సుమారు 20,000 మంది నివసిస్తారు.

9. చివర్లో మాస్టర్ ప్లాన్ తెరవండి

ఊరు ముందు ముందు ఎలా పెరగాలో చెప్పే అధికారిక ప్లాను ఇది. చాలామంది దీంతోనే మొదలుపెడతారు. వద్దు. ముందే చూస్తే నేల మీద ఉన్నది కాకుండా కాగితం మీద ఉన్నదే కళ్లకు కనిపిస్తుంది.

తెరిచాక ఈ వరుసలో చూడండి. అది ముసాయిదానా, ఆమోదం పొందిందా? ఏ సంవత్సరం లెక్కల మీద, ఏ సంవత్సరం వరకు వేశారు? ఉన్న భూవినియోగం మ్యాపు, ప్రతిపాదిత భూవినియోగం మ్యాపు రెండూ ఉన్నాయా? రంగుల పట్టీ ఏమంటోంది? రంగుల అర్థం దేశాన్ని బట్టి మారుతుంది, అలవాటు మీద చదివేయకండి.

జోన్ అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో, ఎంత కట్టొచ్చో చెప్పే నియమం. 1916లో న్యూయార్క్ ఇలాంటి నియమాలు తేవడానికి ఒక కారణం, అంతకు ముందు ఏడాదే పూర్తయిన ఈక్విటబుల్ బిల్డింగ్ చుట్టుపక్కల వీధుల మీద పరిచిన నీడ. వీధికి వెలుతురు దక్కాలంటే పైకి పోయేకొద్దీ భవనం వెనక్కి జరగాలన్నారు. సెట్‌బ్యాక్ అన్న మాట వింటే ఆ నీడను తలుచుకోండి, నియమం ఎందుకుందో అర్థమవుతుంది.

ప్లాను వేరు, జరిగింది వేరు. సెర్డా బ్లాకుల మధ్యలో తోటలుండాలన్నాడు, చుట్టూ కట్టేసి చాలా తోటల్ని మింగేశారు. బ్రెజిల్ కొత్త రాజధాని బ్రసీలియా 1960లో ప్రారంభమైంది. దాన్ని కట్టిన కూలీలు ప్లానులో ఇమడలేదు, దూరంగా ఉపనగరాల్లో స్థిరపడ్డారు. ఈ రోజు ఆ ప్రాంత జనాభాలో ఎక్కువమంది ఉండేది ఉపనగరాల్లోనే. ఏ ప్లాను చూసినా ఆ ఊరిని నడిపే కూలీలు, చిల్లర వ్యాపారులు, ఇంటిపనివాళ్లు ఎక్కడ ఉంటారని చూపించిందో వెతకండి. చూపించకపోతే వాళ్లు ఎక్కడో ఉంటారు, ప్లానుకు బయట.

పాత ప్లాను దొరికితే అందులోంచి పది ప్రతిపాదనలు తీసుకుని వెళ్లి చూడండి. ఎన్ని జరిగాయి, ఎన్ని సగంలో ఆగాయి, ఏ పార్కు జాగాలో ఏం లేచింది? కొత్త ప్లానును ఎంతవరకు నమ్మాలో ఈ పది చెప్తాయి.

జాగ్రత్త: మీరు చదివిన దాన్ని బట్టి స్థలం కొనడం, అమ్మడం చేయకండి. డబ్బు పెట్టే ముందు సంబంధిత ఆఫీసు నుంచి ధ్రువీకరించిన కాపీ తీసుకుని లాయరుకు చూపించండి. ఇంటర్నెట్‌లో తిరిగే మ్యాపు పాతదై ఉండొచ్చు, మార్చిందై ఉండొచ్చు.

తరచూ చేసే తప్పులు

పాత భవనం ఉన్న వీధే పాత వీధి అనుకోవడం. పాత వీధిలో భవనాలన్నీ కొత్తవై ఉండొచ్చు. వయసు చెప్పాల్సింది వీధి గీత, ప్లాటు కొలత, పాత మ్యాపు.

ట్రాఫిక్ కనిపించగానే రోడ్డు వెడల్పు చేయాలని రాసేయడం. వెడల్పు చేస్తే కొన్నాళ్లు తగ్గుతుంది, తేలిగ్గా ఉందని ఇంకొన్ని బండ్లు అటే వస్తాయి, మళ్లీ నిండుతుంది. ముందు అతుకుల మ్యాపు చూడండి. రెండు గోడల్లో దారి తీస్తే మెయిన్ రోడ్డుకు రాకుండానే తీరిపోయే ప్రయాణాలు ఎన్నో తెలిస్తే ఆశ్చర్యపోతారు.

మురికివాడ అని ఒక్క మాట రాసి ముందుకు సాగిపోవడం. అక్కడ కూడా వీధులున్నాయి, పనిశాలలున్నాయి, నీళ్లు తెచ్చుకునే ఏర్పాటు ఉంది. మిగతా ఊరిని చదివిన ఓపికతోనే దాన్నీ చదవాలి.

ఒకే పూట చూసి తేల్చేయడం. పొద్దున ఖాళీగా ఉన్న కూడలి సాయంత్రం నిండిపోతుంది. కనీసం మూడు వేళల్లో, ఒక సెలవు రోజు, ఒక పని రోజు చూడండి. ప్రతిసారీ 15 నిమిషాలు నిలబడి నడిచేవాళ్లను లెక్కపెట్టి నాలుగు రెట్లు చేస్తే గంట లెక్క సుమారుగా వస్తుంది.

మీరు చదివింది సరైందేనా?

రెండు పరీక్షలున్నాయి. మొదటిది, పొరల మ్యాపును ఆ ఊళ్లో చాలాకాలంగా ఉంటున్న ఒకరికి ఇచ్చి “ఇందులో మూడు తప్పులు చెప్పండి” అని అడగండి. “ఎలా ఉంది?” అంటే మర్యాదకు బాగుందంటారు. తప్పులు అడిగితే నిజంగా వెతుకుతారు.

రెండోది ఇంకా కఠినమైంది. ఇంతవరకు కాలు పెట్టని ఒక పేటను మ్యాపులో ఎంచుకోండి. వెళ్లకముందే పది అంచనాలు రాయండి: ఫలానా వీధి వెడల్పు ఎంత, ప్లాట్లు సన్నవా సమానమా, కింది అంతస్తులో దుకాణాలుంటాయా, వానకు నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఊరి పాత అంచు ఏ సందు దగ్గర. తర్వాత వెళ్లి చూడండి. ఏడు సరిపోతే మీకు ఆ పట్టణం చదవడం వచ్చినట్టే. నాలుగుకు తగ్గితే మెట్టు 3కి తిరిగి వెళ్లండి. తప్పిన అంచనాల పక్కన కారణం రాసుకోండి. నీళ్ల దగ్గర తప్పితే ఎత్తుపల్లాల మ్యాపు మళ్లీ గీయాలి, వీధి వయసు దగ్గర తప్పితే ఇంకో ఇద్దరు పాతవాళ్లను కలవాలి.